పదికొక మరువం రెమ్మ

పది మల్లెలు, ఒక మరువం రెమ్మ. మళ్ళీ పది మల్లెలు, ఒక మరువం రెమ్మ.

కుప్పంలో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికి పోయి మండపం గుమ్మంలోనే నిలబడిపోయాను. కుడివైపు స్తంభానికి చుట్టిన దండను కింది నుంచి పైకి లెక్కపెట్టాను. పై నుంచి కిందికి ఇంకోసారి లెక్కపెట్టాను. ఎక్కడా ఒక్క పువ్వు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా వెనక జనం ఆగిపోయారు.

"అవ్వా, పెండ్లికి వచ్చినావా, పూలు ఎంచేదానికి వచ్చినావా? దారి ఇడువు!" అని పట్టుపంచె ఆయనెవరో గదిమాడు.

"ఎంచేదానికే వచ్చినాను. నువ్వు పక్కన పో అప్పా" అన్నాను.

నలభై ఏళ్ళు పుంగనూరు బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్మినదాన్ని నేను. పూలు కట్టేవాళ్ళెవరూ పూలు లెక్కపెట్టరు. మా కొలత మూర. మరువం కంటికి ఎక్కడ బాగుంటే అక్కడ పెడతాం. సరిగ్గా పదికొక రెమ్మ పెట్టమని నన్ను అడిగిన మనిషి ఈ పుట్టుకలో ఒక్కతే. ఆమె పేరు ఇక్కడ రాయను. ఎవరైనా పొగడబోతే చెప్పులేసుకుని బయటికి పోయే మనిషి. మేమంతా టీచరమ్మ అనేవాళ్ళం. ఇప్పుడూ అదే చాలు.

ఎడమవైపు స్తంభం చూశాను. ఆ దండలో మరువం పదికి రాలేదు, ఇరవైకి వచ్చింది. కుడిది అంత పద్ధతిగా కట్టి ఎడమదాన్ని ఇట్లా పాడుచేసింది ఎవరో కనుక్కుని నాలుగు తిట్టాలనుకున్నాను. ఆ తిట్లు ఏమయ్యాయో తర్వాత చెప్తాను. ముందు టీచరమ్మ సంగతి.

తొంభైల చివరి సంవత్సరాల్లో ఆమె మదనపల్లె నుంచి మంగళవారం, శుక్రవారం పుంగనూరుకు వచ్చేది. ఇంకో రెండు రోజులు కుప్పం పోయేది. చదువు ఎక్కని పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పడం ఆమె పని. పొట్టి మనిషి, పెద్ద గుడ్డసంచి. సంచిలో ఎప్పుడూ బొరుగుల పొట్లం ఉండేది. పాఠం మొదలుపెట్టే ముందు చేతి గడియారం విప్పి ఆ బొరుగుల్లో పాతిపెట్టేది. ఎందుకని అడిగితే, "నేను టైము సూస్తే బిడ్డకు దడ పుడతాది పూలమ్మా. దడ పుడితే ఏడు ఎనిమిదవతాది" అనేది. పాఠం అయ్యాక గడియారం కోసం పొట్లమంతా కెలికేది. ఒకసారి గడియారం ఉన్న పొట్లాన్నే ఎవరో పసిదానికి ఇచ్చేసి, సందు చివరిదాకా దాని వెనక పరిగెత్తింది.

మొదటిసారి నా దగ్గరికి ఆమె పాఠం కోసం రాలేదు, మూర మల్లెల కోసం వచ్చింది. నా పక్కన మనవరాలు రేణుక కనకాంబరాలు కడుతోంది. తొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మ మదనపల్లెలో మగ్గం పనికి పోయేది గనక పిల్ల నా దగ్గరే పెరిగింది. టీచరమ్మ చేతిసంచిలో పలకలు కనబడేసరికి నాకు గొప్ప చెప్పుకోవాలనిపించింది.

"మా పిల్ల వంద దాకా గడగడా సెప్తాది. నేనే నేర్పించినా. సెప్పు మే!"

రేణుక కళ్ళు మూసుకుని ఒకటి నుంచి వంద దాకా ఒక్క ఊపిరిన ఒప్పజెప్పింది. నేను గర్వంగా చూశాను. టీచరమ్మ మెచ్చుకోలేదు. చెయ్యి చాచింది.

"అమ్మణ్ణీ, నాకు నాలుగు కనకాంబరాలు ఇయ్యి."

పిల్ల బుట్టలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి ఇచ్చింది.

"నాలుగే."

ఇంకో పిడికెడు ఇచ్చింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారంలోనే బడి సారు పిలిపించి చెప్పాడు: "ఐదు పెద్దదా ఎనిమిది పెద్దదా అంటే నేలచూపులు చూస్తుంది. వేసవి సెలవుల తర్వాత ఒకసారి అడుగుతాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇంట్లో ఉంచుకోండి, మీ పూలైనా కట్టుకుంటుంది." ఆ మంట నా లోపల అట్లాగే ఉంది. చెయ్యెత్తి పిల్ల వీపున ఒకటి వేశాను. రెండోది వేయబోతే టీచరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఈ చెయ్యి నాకియ్యి పూలమ్మా. దీంతో పనుండాది" అని నా పిడికిలి విప్పి అందులో దారపు ఉండ పెట్టింది.

"బిడ్డకు బుద్ధి తక్కువ కాదు. నువ్వు నేర్పింది పాట, లెక్క కాదు. దీనికి ఏడంటే ఒక శబ్దం, అంతే. ఏడంటే ఇంత అని తెలీదు. కొంతమంది బిడ్డలకు అది మామూలుగా నేర్పితే పట్టుబడదు. వేరే దావన పోవాల."

"పూలు కట్టుకునేదానికి లెక్కలెందుకులేమ్మా" అన్నాను, పోయిన పరువు పోనీ అని.

"పూలు కట్టుకునేదానికి నువ్వు అక్షరాలు యాల నేర్సుకున్నావు?"

నా ఒళ్ళో మడిచి పెట్టుకున్న పేపరు చూసి అంది ఆ మాట. నాకు అక్షరాలు నలభై దాటాకే వచ్చాయి, సాయంత్రం బడిలో. బస్సు బోర్డు మొదటిసారి సొంతంగా చదివిన రోజున పుంగనూరు నుంచి మదనపల్లె దాకా కనబడిన ప్రతి గోడనూ పైకి చదివాను. సిమెంటు, బీడీ, పంటి పొడి, ఏదీ వదల్లేదు. కండక్టరు చేతులు జోడించి, "అమ్మా, నీకు దండం పెడతా, మనసులో సదువుకో" అన్నాడు. అట్లాంటి రోజు ఈ పిల్లకు వద్దని నేను ఎట్లా అంటాను?

ఆమె కాసేపు రేణుక వేళ్ళనే చూసింది. రెండు కనకాంబరాలు, ముడి, రెండు మల్లెలు, ముడి. ఆ వరస పిల్ల ఒక్కసారీ తప్పలేదు. ఉన్నట్టుండి టీచరమ్మ తొడ మీద చరుచుకుంది. సంతోషమొస్తే ఆమె చేసే పని అదే. చప్పుడుకు పక్క టీకొట్టు ఆయన తొంగిచూశాడు.

"ఈ బిడ్డకు లెక్క వేళ్ళల్లో ఉండాది పూలమ్మా! నోట్లో యెతుకుతాండాము మనం!"

అక్కడ మొదలైంది మా దండ. ముడికి ఒకే పువ్వు. పది పూలు కాగానే ఒక మరువం రెమ్మ. పది కట్టి "పచ్చ" అనాలి. మళ్ళీ పది కట్టి "రెండు పచ్చలు, ఇరవై" అనాలి. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా మరువం గరుకు తెలిసిపోతుంది, వాసన సరేసరి. పన్నెండు ఎక్కడుంది అంటే పచ్చ దాటి రెండో పువ్వు మీద వేలు పెట్టాలి. పూలు సాయంత్రానికి వాడిపోతాయి కదా అన్నాను. "వాడిపోనీ. రేపు మళ్ళా కట్టాల. కట్టేదే పాఠం, దండ కాదు" అంది.

పాఠం చెప్పేటప్పుడు ఆమె నోటి వెంట "తప్పు" అనే మాట నేను వినలేదు. పిల్ల తడబడితే, "యాడిదాకా సరిగ్గా వచ్చినావు? ఆడికి పో" అనేది. అంతే. మొదటికి పొమ్మనదు, ముందుకు తొయ్యదు. సరిగ్గా ఉన్న చోటికి వెనక్కి పోయి అక్కడి నుంచి మళ్ళీ రమ్మనడం. నాకు అక్షరాలు నేర్పిన ఆయన తప్పినప్పుడల్లా అ ఆల నుంచి మొదలుపెట్టించాడు. ఈ మాట ఆయనకు ఎవరైనా చెప్పుంటే నాకు ఒక సంవత్సరం మిగిలేది.

ఇంకో సంగతి. కూడేటప్పుడు ఆమె కొంగు చాటున వేళ్ళు మడిచేది. ఒకరోజు పట్టేశాను.

"ఏందమ్మా లెక్కల టీచరమ్మా, వేళ్ళు మడస్తాండావు?"

"పదేళ్ళ దాకా నాకూ ఏడూ ఎనిమిదీ కొట్లాడుకునేవి పూలమ్మా. ఇప్పుడు గూడా అప్పుడప్పుడు కొట్లాడుకుంటాయి" అని నవ్వి చెయ్యి బయటికి తీసింది. "దేవుడు పది వేళ్ళు ఇచ్చింది దాసిపెట్టుకునేదానికా?" అప్పటి నుంచి కొంగు చాటున కాకుండా అందరి ఎదుటే మడిచేది.

ఒక శుక్రవారం ఆమె రాలేదు. మధ్యాహ్నం దాటాక టమాట లారీ ఒకటి నా ముందు ఆగింది. అందులోంచి దిగింది, చీరంతా ఎర్రటి మరకలతో, పడీపడీ నవ్వుతూ. బస్సులో పక్కసీటు పిల్లకు "ఇంకా ఎన్ని స్టాపులుండాయి" అని లెక్క నేర్పబోయి, ఆ పిల్ల సరిగ్గా చెప్పిందన్న సంబరంలో పుంగనూరే దాటిపోయిందట. పలమనేరు దారిలో ఎక్కడో దిగి, ఎదురొచ్చిన లారీ ఎక్కి వచ్చింది. "ఆ బిడ్డ ఎంత సక్కగా సెప్పింది పూలమ్మా! మూడు అనింది!" నీ స్టాపు పోయిందే తల్లీ అంటే, "పోతే మళ్ళా వస్తాది" అంది.

ఇంక నా ఘనకార్యం చెప్తాను.

నెలన్నరకు రేణుక ముప్పై దాకా దండ మీద ఎటైనా పోయి రాగలిగింది. నాకు ఆశ పుట్టింది, తొందర పుట్టింది. టీచరమ్మ వచ్చేది వారానికి రెండు రోజులే, మిగిలిన ఐదు రోజులు దండగ అనుకున్నాను. నేనే ఒక మంచి దండ కట్టి, పదికొక మరువం పెట్టి, రోజూ కూర్చోబెట్టాను. మూడు రోజుల్లో పిల్ల తల్లకిందులైంది. పది చెప్పమంటే వణికింది. దండ చూపిస్తే మొహం తిప్పుకుంది. నాలుగో రోజు దండ విసిరికొట్టి, బుట్టల వెనక దూరి, గుక్కపట్టి ఏడ్చింది. సారు పెట్టిన గడువు ఇంకో నెల. అయిపోయింది, ఇంక ఇంతే, ఈ పిల్ల ఇట్లాగే ఉంటుంది అనుకున్నాను.

మంగళవారం టీచరమ్మ వచ్చింది. బుట్టల వెనకకు తానూ దూరి కూర్చుంది. "ఏమైంది అమ్మణ్ణీ?"

ఎంతసేపటికో పిల్ల అంది: "పచ్చ అబద్ధం సెప్తాండాది."

టీచరమ్మ నవ్వలేదు. నా దండ తెప్పించుకుని వేలితో తడుముతూ పోయింది. మరువం దగ్గర ఆగింది. మళ్ళీ తడిమింది. నా వైపు తిరిగింది.

"పూలమ్మా, నువ్వు యాడిదాకా సరిగ్గా వచ్చినావు?"

"నేనా? పది కట్టినా, మరువం పెట్టినా. పది కట్టినా, మరువం పెట్టినా. దాంట్లో ఏముండాది?"

"పది ఏంది?"

"పది ముడులు!"

అన్నాక నాకే తెలిసింది. మా పనిలో ముడికి రెండు పూలు, అటొకటి ఇటొకటి. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ముడినే ఒకటిగా ఎంచింది. నా దండలో పచ్చ ఇరవై పూలకు వచ్చింది. పిల్ల పది దాకా సరిగ్గా వచ్చి, పచ్చ కోసం వెతికి, అది లేకపోయేసరికి తన లెక్కే పాడైందనుకుంది. మూడు రోజులు ఆ పసిది సరిగ్గా లెక్కపెట్టి నా చేత తిట్లు తింది. భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"సూడు అమ్మణ్ణీ, తప్పింది నువ్వు కాదు" అంటోంది టీచరమ్మ. ఆ మాటకు పిల్ల ఏడుపు ఆగింది. లేచి వచ్చి తన దండ తెచ్చుకుంది. రెండు దండల కొసలు ఒకచోట పెట్టింది. తన పచ్చ దాకా ఒక వేలు, నా పచ్చ దాకా ఒక వేలు. ఎవరూ ఏమీ అడగలేదు.

"అవ్వది ఎక్కువుండాది" అంది.

టీచరమ్మ కదల్లేదు. మెల్లగా అడిగింది. "ఎంత ఎక్కువ?"

పిల్ల నా దండ మీద పది దాటిన చోట నుంచి వేలు కదిపింది. పెదాలు కదుల్తున్నాయి. మరువం తగిలింది.

"ఇంకో పచ్చంత."

అమ్మా! అప్పుడు చూడాలి ఆ మనిషిని! తొడ చరుచుకోలేదు, రెండు చేతులతో నా భుజాలు చరిచింది. చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. "ఇంకో పచ్చంత! ఇంకో పచ్చంత అనింది!" అని టీకొట్టు ఆయనకు చెప్పింది, ఆగి ఉన్న బస్సు డ్రైవరుకు చెప్పింది. డ్రైవరుకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వి హారను కొట్టాడు. ఏది ఎక్కువంటే నేలచూపులు చూసిన పిల్ల, అడక్కుండా ఎక్కువ చెప్పింది, ఎంత ఎక్కువో కూడా చెప్పింది! నేనూ లేచి గంతేశాను. బుట్ట తిరగబడి కనకాంబరాలు కాలవలో పడ్డాయి. పడితే పడ్డాయి.

ఆ నెలంతా ఆమె ఒక్కొక్కటీ తీసేస్తూ పోయింది. ముందు పూలు తీసేసి ముడులే ఉన్న దారం ఇచ్చింది. తర్వాత దారమూ తీసేసి ఉత్త గాలిలో కట్టమంది.

బడి తెరిచాక సారు పిలిచాడు. నేను గడప దగ్గర, టీచరమ్మ కిటికీ అవతల బొరుగుల పొట్లంతో. సారు ఐదు, ఎనిమిది అడిగాడు. చెప్పింది. ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి అడిగాడు. "ముప్పై ఒకటి. మూడు పచ్చలు దాటింది" అంది. సారుకు పచ్చలేమిటో తెలియక నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"పదిహేనుకు ఇంకా ఎన్ని వేస్తే ఇరవై మూడవుతుంది?"

పిల్ల చేతులు గాల్లో కదిలాయి. బొటనవేలు, చూపుడువేలు, ముడి.

"ఆ చేతులేమిటి?" అన్నాడు సారు.

"కడతాండాది సార్, మీరు గమ్మునుండండి" అన్నాను. సారును గమ్మునుండమన్నది ఆ బడిలో నేనే మొదటిదాన్నేమో.

"ఏడు" అంది రేణుక.

సారు రిజిస్టరు వైపు చెయ్యి చాచాడు. కిటికీ దగ్గర బొరుగులు నమిలే చప్పుడు ఆగిపోయింది. పిల్ల మా ఎవరి వైపూ చూడలేదు. తనలో తాను, పైకే అంది: "యాడిదాకా సరిగ్గా వచ్చినాను?" వేళ్ళు వెనక్కి పోయాయి. "పదిహేను. ఐదు కడితే పచ్చ. ఆడికి సరిగ్గుండాది. పచ్చ దాటి ఒకటి, రెండు, మూడు." తలెత్తింది. "ఎనిమిది సార్. ఐదూ మూడూ."

కిటికీలోంచి బొరుగులన్నీ తరగతి గదిలోకి జల్లుగా పడ్డాయి. సారు తల మీద కూడా పడ్డాయి. ఆయన దులుపుకుని, కాసేపు పిల్ల వేళ్ళవైపే చూసి, "పేరు ఉండనీలే" అన్నాడు. పోతూ పోతూ గాల్లో ఎట్లా కట్టాలో ఆయనే రేణుకను అడిగి రెండు ముడులు వేసి చూశాడు.

రేణుక పదో తరగతి రెండోసారికి పాసయింది. ఇప్పుడు మదనపల్లె దగ్గర టమాట నారు పెంచే చోట పని. ట్రేలు లెక్కపెట్టి బండ్లకు ఎక్కించేది అదే. ఒక్క ట్రే తేడా వచ్చినా బండి కదలనివ్వదట, నా పోలికే.

టీచరమ్మ మాత్రం ఆ తర్వాత ఒక ఏడాది వచ్చి, పుంగనూరు రావడం మానేసింది. కుప్పంలో, రామకుప్పం పల్లెల్లో ఇట్లాంటి పిల్లలు ఎక్కువున్నారని అక్కడే గది తీసుకుంది. నేను కార్డు రాశాను, నా చేతి రాతతో. జవాబులో ఒకటే వాక్యం: "పూలమ్మా, నీ తప్పు ఇక్కడ బాగా పనికొస్తోంది." ఎగతాళి చేసిందనుకుని కోపం తెచ్చుకున్నాను. మళ్ళీ రాయలేదు. నా బుద్ధి అంతే.

ఇంక ఆ పెళ్ళి మండపానికి వస్తాను. పూలు కట్టిందెవరని అడిగితే వంటల వైపు కూర్చున్న ఒక పాతికేళ్ళ అమ్మాయిని చూపించారు. పేరు సెల్వి.

"మే, స్తంభాల దండలు కట్టింది నువ్వేనా?"

"నేనే అవ్వా. బాగుండాయా?"

"కుడిది బాగుండాది. ఎడమది తప్పు. ఇరవైకి పెట్టినావు మరువం."

ఆ పిల్ల నవ్వింది. "తప్పు కాదవ్వా, అది పుంగనూరు దండ."

నేను ఆ పిల్ల ఎదురుగా చతికిలబడ్డాను.

"మా టీచరమ్మ మాకు రెండు దండలు ఇచ్చేది. పదిది కుప్పం దండ, ఇరవైది పుంగనూరు దండ. రెండూ పక్కన పెట్టి యాది ఎక్కువ, ఎంత ఎక్కువ అని అడిగేది. అట్లనే నాకు లెక్క వచ్చింది. పుంగనూర్లో ఒక మొండి పూలవ్వ ఉండాదంట, మొదట ఆమె కట్టిందంట. ఆ అవ్వ అట్ల కట్టకపోయుంటే ఈ ఉపాయం నాకు తోచేదే కాదు అని, కొత్త బిడ్డ వచ్చినప్పుడల్లా సెప్పేది. నేను యాడ పెండ్లికి కట్టినా ఎడమ పక్క అదే కడతాను."

"యాడుంది మీ టీచరమ్మ? సూపీ, పోదాం పద" అని లేచాను.

సెల్వి చేతిలో దారం ఆపింది. "పోయిన ఎండాకాలం పోయిందవ్వా. జ్వరమొచ్చి నాలుగు దినాలే."

లోపల మేళం మొదలైంది. నేను స్తంభం దగ్గరికి పోయి నా దండను, నా తప్పును, కింది నుంచి పైకి మళ్ళీ ఎంచాను. ఇరవై, పచ్చ. ఇరవై, పచ్చ.

"మే సెల్వీ, మూడో పచ్చ కాడ పందొమ్మిదే ఉండాయి."

ఆ పిల్ల స్టూలు తెచ్చి ఎక్కింది. దండ మీద వేలు పెట్టింది. "యాడిదాకా సరిగ్గా వచ్చినాను..." అని గొణుగుతూ కింది నుంచి తడుముకుంటూ పోయింది. నేను స్టూలు కదలకుండా పట్టుకున్నాను.

"రెండో పచ్చ దాకా సరిగ్గుండాదవ్వా."

"అయితే ఆడినుంచి కట్టు" అని నా కొప్పులోంచి ఒక మల్లె తీసి పైకి అందించాను.